ఒకే కోటి, నాలుగు రకాల పన్ను

బడ్జెట్ వచ్చిన రోజు సాయంత్రం టీవీ చర్చల్లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. "కోటీశ్వరుల మీద ఇంకో పది శాతం వేస్తే వాళ్ళకేం పోతుంది?" అని ఒకరు అంటారు. "కట్టేవాడి నెత్తినే ఇంకెంత మోపుతారు?" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. గొడవంతా మాత్రం ఒక అంకె చుట్టూ తిరుగుతుంది: ముప్పై శాతమా, ముప్పై తొమ్మిదా, నలభై రెండా? ఆ అంకెని కాసేపు పక్కన పెట్టి, అది దేని మీద పడుతోందో, దేని మీద పడటం లేదో చూడాలి. డబ్బున్నవాళ్ళు ఎంత కట్టాలన్న ప్రశ్నకి జవాబు సగానికి పైగా అక్కడే ఉంది.

నలుగురిని తీసుకుందాం. 2025-26లో నలుగురికీ తలా ఒక కోటి రూపాయలు కలిసొచ్చాయి.

మొదటి మనిషి హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. మినహాయింపులన్నీ పోగా పన్ను పడే జీతం కోటి. మినహాయింపులు తగ్గించి రేట్లు తగ్గించిన కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. ఆ తర్వాత ప్రతి నాలుగు లక్షలకీ 5, 10, 15, 20, 25 శాతం. 24 లక్షలు దాటిన ప్రతి రూపాయి మీదా 30 శాతం. లెక్క వేస్తే 25.8 లక్షలు. ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి ఆ పన్ను మీద 10 శాతం సర్‌చార్జి, అంటే పన్ను మీద పన్ను, మొత్తం మీద మళ్ళీ 4 శాతం సెస్సు. అంతా కలిపి 29.5 లక్షలు. అందులో చాలా భాగం జీతం చేతికి రాకముందే టీడీఎస్ కింద కంపెనీయే కోసి ప్రభుత్వానికి కట్టేస్తుంది. దాచడానికి అతనికి వీలూ లేదు, వ్యవధీ లేదు.

రెండో మనిషికి ఉద్యోగం లేదు. ఎప్పుడో కొన్న షేర్లు అమ్మితే కోటి లాభం వచ్చింది. ఏడాదికి మించి ఉంచుకున్న లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో అమ్ముడయ్యే) షేర్ల మీద 1.25 లక్షలు వదిలేసి 12.5 శాతం. సర్‌చార్జి, సెస్సు కలిపినా 13.5 లక్షల చుట్టూ తేలుతుంది. మొదటివాడు కట్టిన దాంట్లో సగం కూడా కాదు.

మూడో మనిషి తాతల నాటి పొలం అమ్మాడు. కోటి లాభం. ఆ పొలం పల్లెలో ఉంది, పెద్ద నగరం పొలిమేర నుంచి 8 కిలోమీటర్లకి అవతల. చట్టం దృష్టిలో అది అసలు పన్ను పడే ఆస్తే కాదు. ఊరి జనాభాని బట్టి ఈ దూరం 2, 6, 8 కిలోమీటర్లుగా మారుతుంది. ఇతను కట్టేది సున్నా. పొలం అమ్మకుండా మామిడి తోట మీదే కోటి సంపాదించి ఉన్నా, వేరే ఆదాయం లేకపోతే, అప్పుడూ సున్నాయే.

నాలుగో మనిషి ఒక కంపెనీ పెట్టాడు. ఏడాదిలో అతని వాటా విలువ కోటి పెరిగింది. అమ్మలేదు. అమ్మనంతవరకూ అది ఆదాయం కాదు, పన్ను లేదు. డబ్బు అవసరమైతే షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. అప్పు ఎవరికీ ఆదాయం కాదు కదా.

ఈ నలుగురినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే, పై శ్లాబు 30 నుంచి 40కి పెంచాలనే వాదన ఎవరికి తగులుతుందో అర్థమవుతుంది. అది నేరుగా మొదటివాడి జేబుకే చిల్లు పెడుతుంది. రెండోవాడికి వేరే రేటు ఉంది. మూడు, నాలుగో వాళ్ళకి అసలు తెలియనే తెలియదు. మన దగ్గర పెద్ద సంపద ఎక్కువగా ఉన్నది ఆ ముగ్గురి రూపంలోనే, అంటే షేర్లు, భూములు, కంపెనీల వాటాల్లో.

ఇక ఆ అంకెల సంగతి. "ముప్పై శాతం శ్లాబులోకి వెళ్తే మొత్తం ఆదాయం మీద ముప్పై పడుతుంది" అని చదువుకున్నవాళ్ళు కూడా అంటుంటారు. అలా పడదు, గీత దాటిన భాగం మీదే పడుతుంది. సర్‌చార్జి మాత్రం అలాంటిది కాదు. అది మొత్తం పన్ను మీద పడుతుంది. 50 లక్షలు దాటితే 10 శాతం, కోటి దాటితే 15, రెండు కోట్లు దాటితే 25. పాత విధానంలో ఉండి ఐదు కోట్లు దాటితే 37. అందుకే 50 లక్షల దగ్గర ఒక వింత జరుగుతుంది. సరిగ్గా 50 లక్షలుంటే పన్ను 10.8 లక్షలు. ఒక్క రూపాయి ఎక్కువైతే లక్షా ఎనిమిది వేల సర్‌చార్జి మీద పడాలి. అది మరీ అన్యాయం కాబట్టి, గీత దాటి ఎంత సంపాదిస్తే అంతకు మించి అదనపు పన్ను వేయకూడదని మార్జినల్ రిలీఫ్ ఇచ్చారు. దాంతో 50 లక్షల నుంచి దాదాపు 51.6 లక్షల దాకా సంపాదించిన ప్రతి అదనపు రూపాయీ పన్నుకే పోతుంది. 12 లక్షల దగ్గరా ఇదే కథ. 2025 బడ్జెట్ ఇచ్చిన రిబేటు వల్ల 12 లక్షల దాకా పన్ను సున్నా. అక్కడి నుంచి 12.7 లక్షల దాకా పెరిగిందంతా ఖజానాకే. దేశంలో నూటికి నూరు శాతం పన్ను కడుతున్నది అంబానీ, అదానీ కాదు, పన్ను పడే ఆదాయం 12 లక్షల పదివేలు ఉన్న ఉద్యోగి. ఆ పదివేల వరకే అనుకోండి.

37 శాతం సర్‌చార్జి 2019 జూలై బడ్జెట్‌లో వచ్చింది. అప్పుడు పై వాళ్ళ గరిష్ఠ రేటు 42.744 శాతానికి చేరింది. స్టాక్ మార్కెట్ గగ్గోలు పెట్టింది, ఎందుకంటే మన దగ్గర పెట్టుబడి పెట్టే విదేశీ ఫండ్లలో చాలావాటికి ట్రస్టుల రూపం ఉంది. వ్యక్తులకి పడే సర్‌చార్జి వాటికీ పడుతుంది. రెండు నెలలు తిరక్కముందే, ఆగస్టు 23న, ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ షేర్ల లాభాల మీద పెంపుని వెనక్కి తీసుకున్నారు. తర్వాతి ఏళ్ళలో డివిడెండ్లకీ (కంపెనీ లాభంలోంచి వాటాదారులకి పంచేది), దీర్ఘకాలిక లాభాలన్నిటికీ సర్‌చార్జి 15 శాతం దాటకూడదని గీత గీశారు. జీతం మీద మాత్రం పెంపు అలాగే ఉండిపోయింది. 2023లో కొత్త విధానం ఎంచుకున్నవాళ్ళకి 37ని 25కి దించారు, గరిష్ఠ రేటు 39 శాతానికి తగ్గింది. ఇప్పుడు ఐదు కోట్ల పైన జీతం తెచ్చుకునేవాడి చివరి రూపాయి మీద 39 శాతం. ఐదు కోట్ల పైన షేర్ల లాభం తెచ్చుకునేవాడి చివరి రూపాయి మీద 14.95 శాతం. ఇద్దరూ ధనవంతులే. చట్టానికి మాత్రం ఒకరంటే ఎక్కువ ఇష్టం.

దీనికి కంపెనీ యజమానుల దగ్గర ఒక జవాబు ఉంది. అది కొట్టిపారేసేది కాదు. "నా కంపెనీ వంద రూపాయలు లాభం చేస్తే ముందు కంపెనీయే 25.17 రూపాయలు కడుతుంది. మిగిలిన 74.83 నాకు డివిడెండ్‌గా ఇస్తే దాని మీద నేను 35.88 శాతం కట్టాలి. అంటే ఇంకో 26.85. వందలో 52 పోయింది. ఇంకేం కావాలి మీకు?" లెక్క సరిగ్గానే ఉంది. 2020లో డివిడెండ్ పన్నుని కంపెనీ నుంచి తీసేసి, అందుకునేవాళ్ళ చేతిలో వేయడం మొదలుపెట్టాక ప్రమోటర్ల, అంటే కంపెనీ పెట్టి నడిపే యజమానుల, భారం నిజంగానే పెరిగింది.

కానీ డివిడెండ్ తీసుకోవాలని ఎవరూ మెడ మీద కత్తి పెట్టరు. లాభాన్ని కంపెనీలోనే ఉంచేస్తే ఆ 74.83 షేరు విలువలో కలుస్తుంది. ఎన్నేళ్ళకో అమ్మినప్పుడు దాని మీద 14.95 శాతం, అంటే 11.19. మొత్తం 36 రూపాయల చిల్లర. ఐదు కోట్ల జీతగాడి 39 కన్నా తక్కువ. అది కూడా ఎప్పుడు కట్టాలో తనే నిర్ణయించుకునే వెసులుబాటుతో. అసలు అమ్మకుండా పిల్లలకి ఇచ్చేస్తే 25.17తో ఆగిపోతుంది. ఈ 25.17 కూడా ఎప్పటి నుంచో ఉన్నది కాదు, 2019 సెప్టెంబరులో తగ్గించినది. ఆ తగ్గింపు వల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్లు పోతాయని ప్రభుత్వమే చెప్పింది. 2023-24లో కంపెనీలన్నీ కలిసి కట్టింది 9.11 లక్షల కోట్లు. వ్యక్తులు కట్టింది 10.44 లక్షల కోట్లు. రిఫండ్లు పోగా తేలిన లెక్క ఇది. జీతాల మీద బతికేవాళ్ళకి కడుపు మండటానికి ఈ రెండు అంకెలు చాలు.

రేటు పెంచడమే మందు అనుకునేవాళ్ళు ఒక్కసారి 1970ల్లోకి వెళ్ళి రావాలి. అప్పట్లో 2 లక్షలు దాటిన ఆదాయం మీద 85 శాతం పన్ను, దాని మీద 15 శాతం సర్‌చార్జి. కలిపితే 97.75. వంద సంపాదిస్తే రెండుంపావు మిగిలేది. పైగా సంపద పన్ను వేరే. ఆస్తి బాగా ఉన్నవాళ్ళకి రెండూ కలిపితే వచ్చిన ఆదాయం కన్నా కట్టాల్సింది ఎక్కువయ్యేది. ఇంత పన్నుతో ఖజానా నిండిందా అంటే, లేదు. నల్లధనం మీద ప్రభుత్వమే వేసిన వాంఛూ కమిటీ 1971లో ఈ రేట్లే ఎగవేతకి పెద్ద కారణమని చెప్పి, తగ్గించమంది. 1974-75లో 77కి దించారు. 1985లో వి.పి. సింగ్ 50కి, 1992లో మన్మోహన్ 40కి, 1997లో చిదంబరం 30కి తెచ్చారు. మూలరేటు ఇప్పటికీ ఆ ముప్పై దగ్గరే ఆగి ఉంది, మిగతాదంతా సర్‌చార్జీల అతుకే.

రేట్లు తగ్గాక వసూళ్ళు పెరిగాయి. ఇది చూపించి "చూశారా, తగ్గిస్తేనే పెరుగుతుంది" అంటారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. 97 నుంచి 50కి దించితే దాచేవాడికి దాచడం దండగ అనిపిస్తుంది, అది నిజం. అదే తర్కం 42.7 నుంచి 39కి దించినప్పుడూ పనిచేస్తుందని రుజువేమీ లేదు. 1997 తర్వాత పాన్ నంబర్లు, టీడీఎస్ విస్తరణ, కంప్యూటర్లు, ఐటీ రంగం తెచ్చిన కొత్త జీతాలు అన్నీ ఒకేసారి వచ్చాయి. వసూళ్ళు పెరగడంలో ఏ ముక్క ఎవరిదో విడదీయడం కష్టం. పైగా రేటు తగ్గించిన అదే ఏడాది నల్లధనం బయటపెట్టుకునే పథకం కూడా తెచ్చి దాదాపు 10 వేల కోట్లు రాబట్టారు. నిజాయితీగా కట్టినవాళ్ళకి అది చెంపదెబ్బే. అయినా బడ్జెట్ బాగుందన్నారు.

దీనికన్నా ముందు ఒక కథ ఉంది. దాన్ని ఎక్కువమంది గుర్తుపెట్టుకోరు. 1956లో కేంబ్రిడ్జి నుంచి నికొలస్ కాల్డోర్ అనే ఆర్థికవేత్తని పిలిచి మన పన్నులు ఎలా ఉండాలో చెప్పమన్నారు. ఆయన వామపక్షం వైపు మొగ్గే మనిషి. ఆదాయపు పన్ను బాగా పెంచమంటాడని అందరూ అనుకుంటారు. ఆయన చెప్పింది వేరు: గరిష్ఠ రేటు 45 దాటనివ్వకండి, కానీ సంపద మీద, ఖర్చు మీద, బహుమతుల మీద, ఆస్తి లాభాల మీద కూడా పన్ను వేయండి, అప్పుడు ఏ రూపంలో దాచినా ఒక చోట కాకపోతే ఇంకో చోట చిక్కుతారు. టి.టి. కృష్ణమాచారి 1957లో సంపద పన్ను, ఖర్చు పన్ను తెచ్చారు. 1958లో గిఫ్ట్ టాక్స్ వచ్చింది. కానీ రేటు మాత్రం 45కి దించలేదు, పైపెచ్చు పెంచుకుంటూ పోయారు. ఇటు కొత్త పన్నుల్లో మినహాయింపుల మీద మినహాయింపులు చేర్చారు. ఖర్చు పన్నుని తీసేసి, మళ్ళీ తెచ్చి, 1966లో మళ్ళీ తీసేశారు. మందు చీటీలో ఉన్నవి కొన్ని వేసుకుని, కొన్ని మానేసి, డాక్టరుని తిట్టినట్టు అయింది.

సంపద పన్ను చివరికి ఏమైందో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1993 నుంచి షేర్లు, బాండ్లు, బ్యాంకు డిపాజిట్లని "ఉత్పాదక ఆస్తులు" అని దాన్నుంచి తీసేశారు. మిగిలింది నగలు, కార్లు, పట్టణంలో ఖాళీ స్థలం, అదనపు ఇల్లు లాంటివి. వెయ్యి కోట్ల షేర్లున్నవాడికి ఆ షేర్ల మీద సంపద పన్ను సున్నా. లాకర్లో నానమ్మ ఇచ్చిన వడ్డాణం, ఊరి చివర రెండు ప్లాట్లు ఉన్న కుటుంబానికి మాత్రం లెక్క. 2013-14లో దేశం మొత్తం మీద వచ్చింది 1,008 కోట్లు. 2015లో అరుణ్ జైట్లీ దాన్ని రద్దు చేసి, బదులుగా కోటి దాటినవాళ్ళకి 2 శాతం అదనపు సర్‌చార్జి వేశారు. దాని వల్ల 9 వేల కోట్లు వస్తాయన్నారు. వసూలుకి అది సులువే. కానీ సంపద మీద ఉన్న పన్ను కాస్తా ఆదాయం మీదికి, అంటే మళ్ళీ జీతగాళ్ళ వైపుకి జరిగింది. "సంపద పన్ను ఇండియాలో ప్రయత్నించాం, పనిచేయలేదు" అనే మాట అందుకే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పనిచేయకుండా ఖాళీ చేసి, తర్వాత ఖాళీగా ఉందని తీసేశారు.

కష్టమేమీ లేదని కాదు. సంపదకి విలువ కట్టడం నిజంగా పెద్ద తలనొప్పి. దానికి మన ఊరి ఉదాహరణే ఉంది. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1950ల్లో తన ఆస్తిని కుటుంబం పేరున పదుల కొద్దీ ట్రస్టుల్లో పెట్టారు. అందులో ఒక్కో లబ్ధిదారుడి వాటా ఎంత, అది ఇప్పటి ఆస్తా, రేపెప్పుడో వచ్చే ఆస్తా, ఏ రేటు వేయాలి అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సంపద పన్ను అధికారులకీ నిజాం కుటుంబ ట్రస్టుకీ మధ్య 1977లో వచ్చిన తీర్పుని పన్ను లాయర్లు ఇప్పటికీ ఉదహరిస్తారు. అదే కుటుంబపు నగలని 1995లో ప్రభుత్వం 218 కోట్లకి కొనడానికి ముందు ఏళ్ళ తరబడి విలువ మీదే వాదన నడిచింది. వజ్రానికే ఇంత తకరారైతే, షేర్ బజారులో లేని కుటుంబ కంపెనీకి ఏటా విలువ కట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

వారసత్వపు పన్ను కథ కూడా దాదాపు ఇదే. 1953లో ఎస్టేట్ డ్యూటీ తెచ్చారు, పై రేటు 85 శాతం దాకా వెళ్ళింది. 1985లో వి.పి. సింగ్ తీసేసేనాటికి ఏడాదికి వచ్చింది 20 కోట్లు. రేటు 85, వసూలు 20 కోట్లు. 2024 ఎన్నికల్లో కాంగ్రెస్‌కి చెందిన శాం పిట్రోడా అమెరికా వారసత్వపు పన్ను పద్ధతి గురించి ఒక మాట అనగానే ఆయన పార్టీయే ఉలిక్కిపడి దూరం జరిగింది. ఆ అమెరికాలో పై వాళ్ళకి 40 శాతం ఎస్టేట్ టాక్స్ ఉంది, 2026 నుంచి ఒకటిన్నర కోటి డాలర్ల దాకా మినహాయింపు. కానీ అక్కడ ఇంకో కన్నం ఉంది. తండ్రి పది డాలర్లకి కొన్న షేరు చనిపోయేనాటికి వెయ్యి అయితే, కొడుక్కి కొన్న ధర వెయ్యిగానే లెక్కిస్తారు. మధ్యలో పెరిగిన 990 మీద ఆదాయపు పన్ను ఎవరూ కట్టరు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడిన మనవాళ్ళు ఆస్తి ప్లానింగ్ సెమినార్లలో మొదట నేర్చుకునేది ఇదే. మన చట్టం ఈ విషయంలో కాస్త గట్టిది. వారసుడికి కూడా తండ్రి కొన్న ధరే లెక్క, మరీ పాతదైతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. అమ్మిన రోజు పన్ను తప్పదు. అమ్మకపోతే మాత్రం తరాలు గడిచినా ఏమీ లేదు.

పన్ను పెంచితే డబ్బున్నవాళ్ళు దేశం వదిలి పోతారంటారు. కొందరు పోతారు. దుబాయ్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు, హైదరాబాద్ నుంచి నాలుగు గంటల ప్రయాణం. 2020లో ఒక నిబంధన పెట్టారు: భారత పౌరుడై ఉండి, ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, ఏ దేశంలోనూ పన్ను కట్టాల్సిన అవసరం లేకపోతే, అతన్ని ఇక్కడి నివాసిగానే లెక్కిస్తారు. విదేశంలో సంపాదించిన దాని మీద ఇది పూర్తిగా పట్టుకోదు గానీ ఉపయోగం ఉంది. పోయేవాళ్ళ గురించి భయపడేటప్పుడు ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. పొలం, ఫ్యాక్టరీ, మాల్, ఆస్పత్రి విమానం ఎక్కవు. పారిపోగలిగేది ముఖ్యంగా చేతిలో డబ్బు. దానికి దేశం వదిలి వెళ్ళేటప్పుడు పెరిగిన విలువ మీద పన్ను వేసే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది.

ఇప్పుడు వ్యవసాయం. ఇక్కడికి రాగానే అన్ని పార్టీల గొంతూ ఒకటే అవుతుంది. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకి ఇచ్చింది, కేంద్రానికి లేదు. అస్సాం, కేరళ లాంటి చోట్ల తోటల మీద వేసిన చరిత్ర ఉంది. రెండెకరాల రైతు దగ్గర పన్ను అడగాలని బుద్ధున్నవాడెవడూ అనడు. కొత్త విధానంలో మామూలు ఉద్యోగికే 12 లక్షల దాకా లేనప్పుడు, ఆ గీత వ్యవసాయానికి పెట్టినా దేశంలో దాదాపు రైతులందరికీ పైసా పడదు. పడేది ఎవరికి? వందల ఎకరాల ఫాంహౌస్ యజమానులకి, ద్రాక్ష తోటల పెద్దలకి, కాగితం మీద రైతులైన కాంట్రాక్టర్లకి, రాజకీయ నాయకులకి. ఎన్నికల అఫిడవిట్లలో వృత్తి దగ్గర "వ్యవసాయం" అని రాసుకునే కోటీశ్వరులని మనం చూస్తూనే ఉన్నాం. నల్లడబ్బుని తెల్లగా మార్చడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు: పండని పంటకి రసీదులు చూపిస్తే చాలు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2019 నివేదికలో తాము చూసిన కేసుల్లో దాదాపు 22 శాతంలో కాగితాలు సరిగ్గా చూడకుండానే వ్యవసాయ ఆదాయం మినహాయింపు ఇచ్చారని తేల్చింది. 1972లోనే కె.ఎన్. రాజ్ కమిటీ పెద్ద కమతాల మీద పన్ను వేసే పద్ధతి చెప్పింది, 2002లో కేల్కర్ కమిటీ మళ్ళీ ఆ తలుపు తట్టింది. ఎవరూ తీయలేదు.

తెలుగు రాష్ట్రాల్లో భూమి ఒక్క పంటతో ఆగదు. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఎకరం ధర పదేళ్ళలో ఎన్ని రెట్లయిందో అక్కడ పొలాలున్నవాళ్ళని అడిగితే చెప్తారు. ఆ పెరుగుదల యజమాని చెమటతో వచ్చింది కాదు, రోడ్డు ప్రభుత్వం వేసింది. అయినా 8 కిలోమీటర్ల గీతకి అవతల ఉంటే అంతా అతనిదే. గీతకి ఇవతల ఉన్నా, సగం వైట్, సగం బ్లాక్ మాట్లాడుకుంటే రిజిస్ట్రేషన్ విలువ మీద కట్టేది నామమాత్రం. (అమరావతిలో భూములిచ్చిన రైతులకి 2017లో ప్రత్యేకంగా ఇచ్చిన మినహాయింపు వేరే సంగతి. వాళ్ళు అమ్ముకోలేదు, రాజధాని కోసం ఇచ్చారు.)

రాష్ట్రాలకి ఈ చర్చలో ఇంకో నష్టం ఉంది, దాని గురించి మన ప్రభుత్వాలు అనాల్సినంత గట్టిగా అనవు. ఆదాయపు పన్నులో 2021-26 కాలానికి 41 శాతం రాష్ట్రాలకి పంచాలని పెట్టారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102. కానీ సర్‌చార్జీ, సెస్సూ పంచాల్సిన ఖాతాలోకి రావు. అవి పూర్తిగా కేంద్రానివే. సంపన్నుల మీద పన్ను పెంచిన ప్రతిసారీ రేటు ముట్టుకోకుండా సర్‌చార్జి మీదే పెంచడానికి ఇది కూడా కారణమని నా అనుమానం. అదే 30 శాతాన్ని 35 చేసి సర్‌చార్జి తగ్గించి ఉంటే, ధనవంతుడికి పెద్ద తేడా ఉండదు, విజయవాడకీ హైదరాబాద్‌కీ ఉంటుంది.

మరి సంపన్నులు ఇప్పుడు కడుతున్నది ఎక్కువా, తక్కువా? అసమానతల మీద పనిచేసే ఫ్రెంచ్ ఆర్థికవేత్త థామస్ పికెటీ బృందం 2024లో వేసిన లెక్క ప్రకారం 2022-23లో పైనున్న ఒక్క శాతం మంది చేతిలో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం ఉంది. వాళ్ళు లెక్కగట్టిన పద్ధతితో విభేదించే ఆర్థికవేత్తలు ఉన్నారు, మన దగ్గర సరైన డేటా లేదన్నది కూడా నిజమే. అంకె కొంచెం అటూ ఇటూ అయినా దిశ మారదు. ఇంకోవైపు ఆదాయపు పన్ను కట్టని పేదవాడు పన్నే కట్టడం లేదనుకోవడం పొరపాటు, సబ్బు మీద, సెల్ రీఛార్జి మీద జీఎస్టీ అందరికీ ఒకటే.

నన్నడిగితే జీతాల మీద 39 శాతం చాలు, దాన్ని ఇంకా పెంచడం దండగ. పెంచాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. షేర్ల లాభాలకీ డివిడెండ్లకీ ఇచ్చిన 15 శాతం సర్‌చార్జి గీత తీసేయాలి. రెండు కోట్లు దాటిన మూలధన లాభానికి జీతంతో సమానంగా కాకపోయినా దాని దరిదాపుల్లో రేటు ఉండాలి, ద్రవ్యోల్బణం వల్ల పెరిగిన భాగం మినహాయించాలి. వారసత్వం మీద పన్ను తిరిగి రావాలి. కానీ 85 శాతంలా కాదు. యాభై కోట్ల దాకా ముట్టుకోకుండా, ఆ పైన పదో పదిహేనో శాతం, కంపెనీ వాటాలైతే వాయిదాల్లో కట్టుకునే వీలుతో. ఏటా విలువ కట్టే సంపద పన్ను కన్నా తరానికి ఒకసారి విలువ కట్టడం అధికారులకీ కుటుంబాలకీ తేలిక.

ఇందులో మొదటిదానికి ఫైనాన్స్ బిల్లులో ఒక సవరణ చాలు. వారసత్వం దగ్గర ఢిల్లీలో ఏ పార్టీకీ ధైర్యం లేదు. వ్యవసాయ ఆదాయం ఢిల్లీ చేతిలోనే లేదు. పన్నెండు లక్షలు దాటిన సాగు ఆదాయం మీద చట్టం చేయాలంటే అమరావతిలోనో హైదరాబాద్‌లోనో శాసనసభ చాలు, ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. ఆ బిల్లు మీద చేయి ఎత్తాల్సినవాళ్ళలో ఎందరి అఫిడవిట్లలో వృత్తి దగ్గర "వ్యవసాయం" అని ఉందో ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.